ఎవాల్ట్ కత్తులూ హెడ్విగ్ చేయీ

ఎవాల్ట్ బ్రాస్ తండ్రి సానపట్టేవాడు. వూపర్ ఏటి ఒడ్డున నీటిచక్రంతో తిరిగే సానరాయి ముందు కూర్చుని జీవితమంతా మంగలికత్తులు పలచన చేశాడు. కొడుకూ అదే పీట మీద కూర్చోవాలని ఆయన ఆశ. ఎవాల్ట్‌కి ఆ రాతిపొడి పడలేదు. చలికాలమంతా దగ్గి దగ్గి, కత్తులు చేసేవాళ్లు మన సోలింగెన్ ఊరి నిండా ఉన్నారు, వాటితో గడ్డం గీసేవాడొకడు ఉండొద్దా అని తండ్రికి నచ్చజెప్పి, చర్చి మెట్ల కింద మంగలిషాపు పెట్టుకున్నాడు. షాపు వెనక గదుల్లో ఆయన కాపురం, పైవాటాలో నాది.

ఆయన భార్య హెడ్విగ్ కరెంటు తీగల కింద నడిచే ట్రాలీబస్సులో కండక్టరు. గట్టి గొంతు, ఇంకా గట్టి భుజాలు. ఊళ్లో అందరూ కరెంటు షేవర్లకి మారుతున్న రోజుల్లో ఆ ఇంట్లోకి పాత కత్తులు రావడం మొదలైంది. సానపట్టేవాళ్ల భార్యలు, మొగుళ్లు పోయాక, వంటగుడ్డలో చుట్టి తెచ్చేవాళ్లు. చెత్తలో పారేయడానికి మనసొప్పక, నీ దగ్గరుంచు ఎవాల్ట్ అని బల్ల మీద పెట్టి వెళ్లిపోయేవాళ్లు.

మామూలు కత్తులు ఆయన తీసుకునేవాడు కాదు. వింతవే కావాలి. ఒకటి అరచేయంత వెడల్పు, దాని మీద చర్చితో సహా ఊరంతా చెక్కి ఉంటుంది. దాంతో ఎవరికీ గడ్డం గీయలేం, పనితనం చూపించుకోడానికి ఎవడో చేశాడు. ఒకే పిడిలో రెండు కొసల నుంచీ తెరుచుకునే జంటకత్తి ఒకటి. చేప ఆకారంలో కొమ్ముపిడి ఉన్నదొకటి. వాటిని షాపు గోడ మీద ఆకుపచ్చ గుడ్డకి తగిలించి, షాపుకి సెలవైన సోమవారాల్లో ఒక్కొక్కటే దించి నూనె రాసేవాడు.

హెడ్విగ్‌కి కూడా తరచుగా సోమవారమే సెలవు. కొండల్లోకి నడిచి వెళ్లి, చెర్రీలూ పాలన్నమూ వేసిన వాఫిల్ అట్టు తిని రావాలని ఆమెకి ఉండేది. చాలాసార్లు నన్నే తోడు తీసుకెళ్లేది. దారిలో, మా ఆయనకి సవతులు గోడనిండా ఉన్నారు అని నవ్వేది. కోపం లేకపోలేదు, కానీ దాన్ని మోసుకు తిరిగే మనిషి కాదు.

అరవై దాటాక ఎవాల్ట్ కుడిచేయి వణకడం మొదలైంది. కొన్నాళ్లు దాచాడు. ఒక శనివారం గడ్డం గీస్తుంటే రొట్టెల షాపు పీటర్ చెవి తమ్మె తెగింది. పీటర్ గుడ్డ అదుముకుని, "పోనీలే, ఇంకోటుంది," అన్నాడు. ఎవాల్ట్ నవ్వలేదు. ఆ మధ్యాహ్నం తలుపులు మూసినవాడు మళ్లీ తెరవలేదు.

తన గడ్డం తాను గీసుకోలేడు, వేరే మంగలి దగ్గరికి వెళ్లడానికి సిగ్గు. కరెంటు షేవరు కొనిస్తానని హెడ్విగ్ అంటే, లేచి షాపులోకి వెళ్లి గడియ పెట్టుకున్నాడు. గడ్డం గుబురుగా పెరిగింది. దాని వెనకాలే మనిషి దాక్కున్నాడు. పీటర్ వచ్చి తలుపు తట్టినా పలికేవాడు కాదు.

అప్పుడు హెడ్విగ్ ఊరి మ్యూజియానికి వెళ్లి, మా ఇంటికొచ్చి కత్తులు చూసుకోండని చెప్పి వచ్చింది. గోడ ఖాళీ అవుతుందని కాదు, వాటి గురించైనా ఆయన నోరు విప్పుతాడని. ఆ ఉపాయం పారింది. మ్యూజియం నుంచి లోమన్ అనే ఆవిడ వచ్చి కూర్చుంటే ఎవాల్ట్ ఒక్కో కత్తి పుట్టుపూర్వోత్తరాలు చెప్పసాగాడు. ఆవిడ అడిగేకొద్దీ ఆయన గొంతు పెరిగింది. నేను కాఫీ పోస్తూ విన్నాను.

బీరువా అడుగున డబ్బాలో ఒక కత్తి మిగిలింది. దాని అంచు మీద సన్నటి ఇత్తడి దువ్వెన జారించి బిగించవచ్చు. దువ్వెన పళ్లు చర్మాన్ని ఆపుతాయి, కత్తి లోతుగా దిగదు. ఎవాల్ట్ దాన్ని ఎప్పుడూ గోడకి ఎక్కించలేదు.

"ఇది చేతకానివాళ్ల కత్తి," అన్నాడు.

హెడ్విగ్ దాన్ని చేతిలోకి తీసుకుంది. అన్నేళ్ల కాపురంలో ఆమె ఒక కత్తిని ముట్టుకోవడం నేను చూడటం అదే మొదటిసారి.

"చేతకానిదాన్ని నేనున్నాగా," అంది. "ఈ దువ్వెన ఎటు నుంచి ఎక్కించాలో చెప్పు."

మర్నాడు పొద్దున నన్ను కిందికి పిలిచింది, రక్తం వస్తే డాక్టరు దగ్గరికి పరిగెత్తడానికట. ఎవాల్ట్‌ని వంటింటి కుర్చీలో కూర్చోబెట్టి, ముందు కత్తెరతో గడ్డం కత్తిరించింది. తర్వాత వేడినీళ్ల గుడ్డ, సబ్బు నురగ. కత్తిని తోలుపట్టీ మీద ఎలా తిప్పాలో ఆయన చెబుతుంటే ఆమె తిప్పింది.

"కత్తిని పడుకోబెట్టి గీయవే. అలా నిలబెడితే చెక్క చెక్కినట్టుంటుంది."

"మాట్లాడకు, బుగ్గ కదులుతోంది."

"మాట్లాడకుండా నేర్పమంటావా?"

"మలుపుల్లో బస్సు ఊగుతుంటే నిలబడి టికెట్లు కొట్టిన చేయి ఇది. నువ్వు కదలకుండా కూర్చో చాలు."

ఆయన కళ్లు మూసుకున్నాడు. దవడ కింద కొంచెం వదిలేసింది, ముక్కు కింద గరుగ్గా వచ్చింది. రక్తం మాత్రం రాలేదు. అద్దం ఇస్తే ఎవాల్ట్ చాలాసేపు చూసుకుని, వదిలేసినచోట వేలితో తడిమి, "రేపు ఇక్కణ్ణించి మొదలుపెట్టు," అన్నాడు.

ఎవాల్ట్ సరేననడంతో గోడ మీది కత్తులన్నీ మ్యూజియంలో అద్దాల పెట్టెలోకి చేరాయి. దువ్వెన కత్తి కూడా ఇస్తే బాగుంటుందని లోమన్ అడిగితే హెడ్విగ్, "అది ఇంకా డ్యూటీలో ఉందమ్మా. రిటైరయ్యాక పంపిస్తాం," అంది. ఎవాల్ట్ పగలబడి నవ్వాడు.

ఇప్పుడు సోమవారం పొద్దున్నే పీటర్ వేడివేడి ఎండుద్రాక్ష రొట్టె పట్టుకుని వస్తాడు. ఒకప్పుడు షాపుకి గడ్డం గీయించుకోడానికి వచ్చినవాళ్లు ఇంకో ఇద్దరు వంటింటి బల్ల చుట్టూ చేరతారు. హెడ్విగ్ గీస్తుంటే తలా ఒక సలహా ఇస్తారు. ఎవాల్ట్ నురగలోంచే వాళ్లకి జవాబు చెబుతాడు. తనకీ గీయమని పీటర్ అడిగి చూశాడు. మొగుడొక్కడు చాలు, నీకు కరెంటు ఉందిగా అని ఆమె రొట్టె కోయడానికి కూర్చుంది.

పని అయ్యాక ఎవాల్ట్ టోపీ పెట్టుకుంటాడు. ఇద్దరూ కొండదారి పట్టి వాఫిల్ తినడానికి వెళ్తారు. ఈ మధ్య నన్ను రమ్మనడం లేదు.