అందరూ ఒప్పుకున్న మంగళవారం

ఆ ఆదివారం మదనపల్లెలో మా ఇంటి ముందుగదిలో ఉన్నవాళ్లు: మా అమ్మకు అమ్మ అయిన అవ్వ, ఆమె పెద్దకూతురు, అంటే పుంగనూరు నుంచి వచ్చిన పెద్దమ్మ, నేను. కుప్పంలో ఉండే మామ, అవ్వకు ఒక్కడే కొడుకు, ఫోన్ స్పీకర్లో ఉన్నాడు. ఉన్న వస్తువులు: నా ల్యాప్‌టాప్, అవ్వ మోకాళ్లకు రాసే నూనె సీసా, పెద్దమ్మ తెచ్చిన శెనక్కాయల సంచి, వాటిని ఒలిచి వేయడానికి ఒక చాట. అమ్మ వంటింట్లోంచి వింటోంది. ఆమెను సగం హాజరు కింద లెక్కవేశాను.

విషయం ఒకటే. అవ్వకు రెండు మోకాళ్లూ మార్చాలన్నారు డాక్టరు. ఆసుపత్రిలో తేదీ కూడా దొరికింది, వచ్చే నెల మొదటి వారంలో. ఆ మాట విన్నరోజు అవ్వ ఏడవలేదు, భయపడలేదు.

"పుట్టినప్పటి మోకాళ్లు ఉండంగానే ఒకసారి సముద్రంలో నిలబడాల. ఇవి తడవాల. ఆమీట ఇనప మోకాళ్లు తడిస్తే ఏమి, తడవకపోతే ఏమి," అంది.

డెబ్బై దాటిన మనిషి సముద్రాన్ని టీవీలో తప్ప చూడలేదు. అందుకే ఈ సమావేశం.

నేను మా ఊరి పక్కనే ఉన్న అంగళ్లులో ఇంజనీరింగ్ చదివాను. ఇప్పుడు రోడ్డు పనులు చేసే కాంట్రాక్టరు దగ్గర నాణ్యత చూసే ఉద్యోగం. ఎవరైనా కాంక్రీటు బాగా కుదిరిందంటే, దాని దిమ్మను మిషన్లో పెట్టి పగలగొట్టి చూడటం నా పని. ఆ అలవాటు ఇంటికి కూడా వచ్చేసింది.

నా ప్లాన్ చెప్పాను. పొద్దున కుప్పంలో రైలెక్కి మద్రాసు. అక్కణ్నుంచి బస్సులో తీరం వెంబడి ఒక చిన్న ఊరు. ఒక రాత్రి లాడ్జిలో ఉండి తిరుగు ప్రయాణం. మన దగ్గరున్న డబ్బుకు శని, ఆదివారాల్లో గది దొరకదు. వారం మధ్యలో అయితే సగం ధరకే వస్తుంది కాబట్టి ఈ మంగళవారం కాక వచ్చే మంగళవారం వెళదాం అన్నాను.

"నీ ఇష్టమప్పా," అంది అవ్వ.

"సరే నాయనా," అంది పెద్దమ్మ.

"సదువుకున్నోడివి, నువ్వు సెప్పినాక ఇంకేముండాది అల్లుడా," అన్నాడు ఫోన్లోంచి మామ.

నాకు అనుమానం మొదలైంది అక్కడే. మా ఇంట్లో మిక్సీ కొనడానికి నెల పట్టింది. ధర దగ్గర కాదు, రంగు దగ్గర ఆగిపోయింది. అలాంటివాళ్లు సముద్రం విషయంలో ఒక్క ప్రశ్న వేయకుండా ఒప్పుకున్నారు. పైగా నేను తేదీ చెప్పినప్పుడు శెనక్కాయలు ఒలుస్తున్న నాలుగు చేతులూ ఒకేసారి ఆగి, ఒకేసారి మళ్లీ కదిలాయి.

అప్పటికి దాన్ని పక్కనపెట్టి లాడ్జిల ఫోటోలు చూడటంలో పడ్డాను. అక్కడా నమ్మదగ్గది ఏమీ లేదు. వేరువేరు పేర్లున్న రెండు లాడ్జిల గదుల్లో ఒకే కర్టెన్, దానిమీద ఒకే చోట ఒకే మరక. మూడోదాని కిటికీలోంచి సముద్రం కనబడుతోంది గానీ గదిలో వెలుగు ఒకవైపు నుంచి, సముద్రం మీద వెలుగు ఇంకోవైపు నుంచి పడుతోంది. నాలుగోది కాస్త నిజంగా ఉంది, ఎందుకంటే ఫోటోలో బకెట్టు పగిలి ఉంది. మోసం చేసేవాడు పగిలిన బకెట్టు పెట్టడు. ఆ నంబరుకు ఫోన్ చేశాను.

ఎత్తినతను అరవంలో మాట్లాడాడు. నాకు రాదు. మామను కూడా లైన్లోకి తీసుకున్నాను. కుప్పం మనుషులకు భాషల కొరత లేదు. మా మామ బేరం అరవంలో ఆడతాడు, తిట్టేది కన్నడంలో, నిద్రలో కలవరించేది తెలుగులో. బాత్రూం గడప ఎత్తు ఎంత, కింది అంతస్తులో గది ఉందా, వాకిట్లో మెట్లెన్ని, ఇసుక మీద ఎంత దూరం నడవాలి, ఇవి అడగమన్నాను. వాళ్లిద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు, మధ్యలో నవ్వుకున్నారు కూడా. చివరకు మామ నాకు చెప్పింది ఇంతే.

"అన్నీ ఉండాయంటరా."

"గడప ఎత్తు?"

"అదీ ఉండాదంట."

"మామా, మధ్యలో రెండుసార్లు అమావాస్య అన్నారు. ఆ మాట ఎందుకొచ్చింది?"

"వాళ్లూరి సంగతులేవో సెప్తాండాడప్పా. నీకేల అవన్నీ," అని పెట్టేశాడు.

రెండు రోజులకు పెద్దమ్మ ఫోన్ చేసింది. "నాయనా, మంగళవారం కుదిరేట్టు లేదు. ఆవు ఈనేట్టుండాది. వదిలిపెట్టి యాడికొచ్చేది?" ఆ సాయంత్రమే మామ. "అల్లుడా, మంగళవారం నాకు లీవు దొరకల్యా." మామకు కుప్పంలో మోటార్లకు తీగ చుట్టే సొంత అంగడి ఉంది. ఆయనకు లీవు ఇవ్వాల్సింది ఆయనే.

ఒకరికి అడ్డం వస్తే దురదృష్టం. ఇద్దరికీ ఒకేరోజు వస్తే మాట్లాడుకున్నారని అర్థం. కారణాలు మూడు ఊహించాను. డబ్బు గురించి వెనకాడుతున్నారు. లేదా అవ్వ నీళ్లలో పడిపోతుందని భయపడుతున్నారు. లేదా ఆసుపత్రివాళ్లు నాకు తెలియని మాట ఏదో వాళ్లకు చెప్పారు. మొదటి రెండింటికీ జవాబులు నా దగ్గర ఉన్నాయి. మూడోది నన్ను వదల్లేదు. అవ్వ గుండె బలహీనంగా ఉందేమో, ఆపరేషన్ కుదరదేమో, ఇంత దూరం తిప్పొద్దన్నారేమో. ఈ మోకాళ్లతో సముద్రం చూపించడానికి ఉన్నది ఈ నెలే. అది జారిపోతోంది, ఎందుకో నాకు ఎవరూ చెప్పడం లేదు.

శనివారం సెలవు పెట్టి, చెప్పకుండా పుంగనూరు వెళ్లాను. పెద్దమ్మ ఇంటి వెనక కొట్టంలో ఆవు ఉంది. దాని పక్కన దూడ ఉంది. అది పుట్టి నెలకు తక్కువ కాదు, ఎగిరి దూకుతోంది.

"ఈనేట్టుండాదన్నావు, ఈ దూడ ఎవరిది పెద్దమ్మా?"

ఆమె దూడవైపు అప్పుడే చూసినట్టు చూసింది. "ఇంకోటి ఈనాల నాయనా."

"ఇంకో ఆవు ఏది?"

"పక్కింటోళ్లది. నన్నే సూసుకోమన్నారు." నేను పక్కింటి గోడవైపు అడుగు వేసేసరికి చెయ్యి పట్టుకుంది. "పోలీసోడి మాదిరి అట్ల తిరగబాకు. కాఫీ తాగు, రా."

కాఫీలో చక్కెర రెండుసార్లు వేసింది. అవ్వ ఆరోగ్యం గురించి ఏమైనా దాస్తున్నారా అని సూటిగా అడిగాను. "మా అమ్మకేమిరా, రాయి మాదిరి ఉండాది," అంది. గొంతులో తడబాటు లేదు. ఆవు గురించి చెప్పినప్పుడూ లేదు.

పలమనేరు మీదుగా కుప్పం బస్సెక్కాను. శాంతిపురం దాటాక గ్రానైట్ బండలు మోసే లారీ ఒకటి ముందు నడుస్తుండటంతో బస్సు మెల్లగా పోయింది. మామను ఏం అడగాలో వరుసగా కూర్చుకోవడానికి అంత సమయం చాలింది.

మామ అంగడిలో స్టూలు మీద కూర్చుని బోరు మోటారుకు తీగ చుడుతున్నాడు. నన్ను చూడగానే ఎందుకొచ్చానో అర్థమైనట్టుంది. "మీ పెద్దమ్మ ఫోన్ చేసిందిలే. దూడను కూడా విచారించినావంట కదా," అన్నాడు.

"ఆసుపత్రివాళ్లు ఏం చెప్పారు మామా? అవ్వ గుండెకేమైనా ఉందా?"

తీగ చుట్టడం ఆపేశాడు. ముఖంలో నవ్వు పోయింది. "అంత దూరం పోయినావా నువ్వు? అయ్యో, అది కాదురా. మీ అవ్వే మంగళవారం వద్దనింది."

"అవ్వా?"

"సముద్రాన్ని దినామూ ముట్టగూడదంట. అమాసకో పున్నమికో అయితేనే దిగొచ్చు. మిగతా దినాలు గట్టున నిలబడి దండం పెట్టుకోని రావాల్సిందే. పున్నమి అయిపోయె. వచ్చే పున్నమికి ఆయమ్మ ఆసుపత్రిలో ఉంటాది. మిగిలింది ఈ అమాస ఒకటే. అది రేపు కాక వచ్చే ఆదివారం."

"ఆ మాట నాకే చెప్పొచ్చు కదా."

"పిల్లోడు కండ్లు పోయేట్టు గది ఎతికినాడు, తిథి బాగల్యా అంటే నొచ్చుకుంటాడు, మీరే ఏదో ఒకటి సెప్పి జరపండి అనింది. మా అక్కకు ఆవు తప్ప ఇంకేమీ తోచలేదు. ఆ లాడ్జోడిని నేను అమాసకు గది అడిగితే నవ్వినాడు. నెల ముందే నిండిపోయినాయంట."

అందరినీ అనుమానించాను గానీ, సముద్రం అడిగిన మనిషినే అనుమానించలేదు. మా జిల్లాకు సముద్రం లేదు. లేని సముద్రానికి నియమాలు మాత్రం ఉన్నాయి, అవి ఇంట్లో నాకు తప్ప అందరికీ తెలుసు. ఆ మంగళవారం నేను తీసుకెళ్లి ఉంటే అవ్వ అంత దూరమూ వచ్చి, గట్టున నిలబడి, దండం పెట్టుకుని, నాతో బాగుందని చెప్పి, పొడి మోకాళ్లతో తిరిగొచ్చేది.

ఇంటికొచ్చి అడిగాను.

"ఎవుడు సెప్పినాడు? మీ మామేనా? వాడి నోట్లో నువ్వుగింజ నానదు," అంది అవ్వ.

"ముట్టకూడదని ఎవరన్నారు అవ్వా?"

"మా యమ్మ."

"ఆమె సముద్రం చూసిందా?"

"ఆయమ్మ మదనపల్లి సంతే సూసిందో లేదో."

"మరి ఆమెకెట్లా తెలుసు?"

"ఇందుకేరా నీకు సెప్పనిది. కారణం అడుగుతావు. నాకు తెలిస్తే కదా సెప్పేదానికి."

గది లేదు కాబట్టి రాత్రి ఉండటం తీసేశాం. పొద్దున రైల్లో వెళ్లి సాయంత్రం రైల్లో తిరిగి రావాలి. చిన్న ఊరి తీరం కూడా తీసేసి, మద్రాసులోనే అందరూ వెళ్లే తీరానికి పోదామనుకున్నాం. లాడ్జికి పెట్టుకున్న డబ్బు ఆటోలకు మళ్లింది. ఆఖరున ఆసుపత్రికి ఎవరికీ తెలియకుండా ఫోన్ చేసి, ఆపరేషన్ తేదీ, గుండె పరీక్ష ఫలితం రెండూ కనుక్కున్నాను. మామ చెప్పినదానికి తేడా లేదు. అయినా కనుక్కున్నాను.

అమావాస్య ఆదివారం తీరమంతా జనం. పెద్దలకు నీళ్లు వదిలేవాళ్లు, పిల్లలను ఎత్తుకున్నవాళ్లు, తలలు తడుపుకునేవాళ్లు. ఇసుకలో అవ్వ కాలు దిగబడేది. నాలుగడుగులకు ఒకసారి మామ తెచ్చిన ప్లాస్టిక్ స్టూలు వేస్తే కూర్చునేది. ఎదురుగా సముద్రం ఉన్నా దానివైపు చూడలేదు, కాళ్లవైపే చూసుకుంటూ నడిచింది. తడి ఇసుక తగిలాక తలెత్తింది.

"ఇంత ఎందుకప్పా దీనికి," అంది.

ఎడమవైపు మామ, కుడివైపు నేను పట్టుకున్నాం. పెద్దమ్మ వెనక నిలబడి చీర చెంగు పిడికిట్లో బిగించింది, ఆవు పలుపు పట్టుకున్నట్టు. మొదటి అల పాదాలు దాటి వెనక్కి పోయింది.

"ఒరే, కాళ్ల కింద నేల ఎవుడో లాగేస్తాండాడు!"

"సముద్రమే అమ్మా. ఊరికే లాగుతాది, తీసకపోదు," అన్నాడు మామ.

నాకా నమ్మకం లేదు. అలలు నాలుగు ఒకే తీరుగా వచ్చి ఐదోది వేరుగా వచ్చేది. అలాంటి కాంక్రీటును నేను పాస్ చేయను. అవ్వ మాత్రం చీర ఎత్తిపట్టుకుని ఇంకో అడుగు వేసింది, ఇంకో అడుగు వేసింది. నీళ్లు పిక్కల దాకా వచ్చాయి. "ఇంకా పైకి రావాల," అంది. అప్పుడే పెద్దది ఒకటి లేచి, నేరుగా కాకుండా పక్కవాటుగా వచ్చింది. నేను ఆమె ముందుకు ఒక అడుగు వేసి అడ్డం నిలబడ్డాను. అల నన్ను నడుము దాకా తడిపి, నా పక్కనుంచి తిరిగి మామవైపు విరిగింది. అవ్వ ఊగింది గానీ పడలేదు.

"ఎడమది తడిసె," అంది పెద్దమ్మ వంగి చూసి. "కుడిదానికి వీడు గోడ మాదిరి అడ్డం నిలబడినాడు."

"ఇంకొకటి రానీ అమ్మా," అన్నాడు మామ.

అవ్వ సముద్రంవైపు కాసేపు చూసింది. నా భుజం మీది ఆమె చేతిలో బరువు పెరిగింది.

"సాలు పదండప్పా. రైలు పోతాది."

రైలుకు చాలా టైముంది. "నొప్పా అవ్వా?" అని అడిగాను.

"నొప్పేమీ లేదు," అంది.

నొప్పి ఉన్నా ఆమె అదే చెబుతుంది. ముఖం చూశాను. చాలనిపించి చాలందో, నిలబడలేక చాలందో తేల్చుకోలేకపోయాను. స్టూలు వేశాం. కూర్చుని, తడి చెయ్యి ఎడమ మోకాలి మీద పెట్టుకుని తీసింది.

తడిసిన మోకాలు ఒకటి.