అత్తమ్మ బొంతతో పంజాగుట్ట దాకా

ఎర్రగడ్డ నుంచి పంజాగుట్టకు మెట్రోలో నాలుగే స్టేషన్లు. అయినా మా అత్తమ్మ కాశీయాత్రకు బయల్దేరినట్టు పెరుగన్నం డబ్బా, నీళ్ల సీసా, తలనొప్పి మందు సర్దుకుంది. గురువారం ఉదయం పది దాటింది. ఆమె చంకలో వాళ్లమ్మ కుట్టిన పాత బొంత మూట.

మా అమ్మాయికి పాప పుట్టింది. వచ్చే ఆదివారం పాపను ఉయ్యాల్లో వేసే తొట్టెల వేడుక. ఆ బొంతను విప్పి, గట్టిగా ఉన్న గుడ్డలతో పాపకు చిన్న బొంత కుట్టించి, మీద పూలు వేయించాలి. పూలు నేనే కుడతానన్నాను. అమ్మమ్మను కదా, దాని మీద నా చేతి కుట్టు ఒక్కటైనా ఉండాలని ఆశ. దిండు గలీబు మీద గులాబీ కుట్టి చూపించాను కూడా.

"గిది పువ్వా, కోడి గెలికిందా?" అంది అత్తమ్మ. "నా కుట్టు మిషన్ కుట్టు లెక్క ఉండేది. పంజాగుట్టల కుట్టే ఎస్తేరమ్మకే ఇద్దాం పా."

ముప్పై ఏళ్లుగా వింటున్న మాటే. ఈసారి మాత్రం గుచ్చుకుంది.

స్టేషన్లో సంచుల తనిఖీ దగ్గర సెక్యూరిటీ అతను ఆపాడు. "అమ్మా, మూటల ఏమున్నది?"

"మా అమ్మ."

అతను రెండడుగులు వెనక్కి వేశాడు. "వాళ్లమ్మ కుట్టిన బొంత అన్నా," అని నేను అందుకోకపోతే మా యాత్ర అక్కడే ముగిసేది.

రైల్లో కోచింగ్‌కు వెళ్తున్న కోస్తా అమ్మాయి లేచి అత్తమ్మకు సీటిచ్చి, బొంత కథంతా వింది. "ఏంటి బామ్మగారూ, పాపకు కొత్తది కొనొచ్చు కదండీ?"

"కొత్త బట్ట గుచ్చుకుంటది బిడ్డా. పుట్టిన పిల్లకు పాతదే మెత్తగుంటది."

పదిన్నరకు అమీర్‌పేటలో దిగాం. మైత్రీవనం పక్క సందులో దారాల కొట్టు. అత్తమ్మ ఒక్కో దారపు లచ్చినీ ఎండలోకి తెచ్చి రంగు చూసింది. "అమ్మా, దారమే, బంగారం కాదు," అని కొట్టతను మొత్తుకున్నాడు. ఆకుపచ్చ లచ్చి ఒకటి కుదిరేసరికి పదకొండున్నర. అక్కడి నుంచి ఆటోలో పంజాగుట్ట.

ఎస్తేరమ్మ ఇల్లు రెండో అంతస్తు. పెళ్లి జాకెట్లకు మగ్గం పని చేస్తుంది. మేం తెచ్చిన పెరుగన్నం ముగ్గురం తిన్నాక ఆమె కత్తెర అందుకుంది. అత్తమ్మ బొంత రెండో కొస వదల్లేదు.

"కొయ్యకుంటే ఎట్ల పెద్దమ్మా?"

"కుట్లు విప్పు. గుడ్డ కొయ్యకు."

ఒక్కో కుట్టే తెంపుతూ విప్పాం. పైన చీర, దాని కింద ధోవతి, ఆ రెంటి నడుమ జానెడు తెల్లగుడ్డ. దాని మీద గొలుసుకుట్టుతో ఒక చిలుక. ముక్కు వంకర, కాలు ఒక్కటే, తోక సగంలో ఆగిపోయింది.

"ఎవరు కుట్టిన్రు గిది?" ఎస్తేరమ్మ పకపకా నవ్వింది. "చిలుకనా, బాతా?"

అత్తమ్మ ఆ సగం తోక మీద వేలు పెట్టింది. "నేనే," అంది. "పదేండ్లప్పుడు. ఎలుకలు కొరికినయని చెప్పింది అమ్మ. గిండ్ల దాచుకున్నదా!"

ఆమె ఆ గుడ్డను చెంపకు ఆనించుకుంది. మిషన్ కుట్టు సంగతి అడగడానికి ఇంతకంటే మంచి సమయం దొరకదు. నేనేమో తెగిన దారాలు ఏరుతూ కూర్చున్నాను.

మూడున్నరకు తిరుగు రైలు ఎక్కాం. బొంత గుడ్డలు ఎస్తేరమ్మ దగ్గరే వదిలాం. మీరూ పాత బొంత విప్పించబోతే, దాని మీద పడుకున్న మనిషిని వెంట తీసుకెళ్లండి. ఆలస్యమవుతుంది, పోనివ్వండి.

అమీర్‌పేట దాటాక అత్తమ్మ చిలుక గుడ్డ, ఆకుపచ్చ లచ్చి నా ఒళ్లో పెట్టింది.

"పాప బొంత నడుమ గిదే ఉండాలె. తోక నువ్వు కుట్టు."

"నాది వంకరొస్తది కదా అత్తమ్మా?"

"అందుకే నీకిస్తున్న," అంది కిటికీలోంచి బయటికి చూస్తూ. "ఎస్తేరమ్మ సక్కగ కుడితే, గది మన చిలుక అనిపించుకోదు."