కుమ్హారి దగ్గర ఆక్సిజన్ సెన్సరు

పికప్ బండికి ఆక్సిజన్ సెన్సరు పోతే వాసన పట్టి చెప్పగలిగినవాణ్ణి ఈ భిలాయిలో నేనొక్కణ్ణే. స్కానర్లూ గీనర్లూ నాకక్కర్లేదు. సైలెన్సరు దగ్గర ముక్కు పెట్టి ఒక్కసారి పీల్చానంటే, పోయింది ముందుదో వెనకదో చెప్పేస్తాను. రాయపూర్ దారిలో, కుమ్హారిలో రోడ్డు పక్కన, కాలిపోతున్న గొట్టం కింద వెల్లకిలా పడుకుని, పావుగంటలో పాతది ఊడదీసి కొత్తది బిగించాను. చూడ్డానికి జనం మూగారు.

జనం మూగలేదు. ఒక కుక్క వచ్చి చూసి వెళ్లిపోయింది. ఫర్నేసు దుమ్ము పీల్చీ పీల్చీ నా ముక్కు వాసన మరిచి చాలా ఏళ్లయింది. పావుగంట మాటా నిజం కాదు. జరిగింది చెబుతాను.

ఇక్కడి ఉక్కు ప్లాంటు నుంచి రిటైరయ్యాక ఖుర్సీపార్‌లో పెళ్లిళ్లకు కుర్చీలూ వంటపాత్రలూ అద్దెకిచ్చే పని పెట్టుకున్నాను. ఆ సామాను మోయడానికి కొన్నదే ఈ చిన్న పెట్రోలు పికప్. ఆ రోజు మాత్రం వెనక ఏమీ లేదు. ముందు సీట్లో మా ఆవిడా నేనూ. రాయపూర్ ఆసుపత్రిలో మా తమ్ముడున్నాడు. ఊపిరితిత్తులు పూర్తిగా పాడయ్యాయి, ఒకసారి వచ్చి చూసి వెళ్లండని వాడి కొడుకు ముందురోజు ఫోన్ చేశాడు.

తమ్ముడూ నేనూ మాట్లాడుకుని నాలుగేళ్లయింది. ఇద్దరం ఒకే ఫర్నేసు దగ్గర పనిచేసినవాళ్లం. ఒకసారి కరిగిన ఇనుము కాలువ దాటి పొంగినప్పుడు వాడు ఒక బూటు వదిలేసి ఎలా పరిగెత్తాడో, వాడి కూతురి పెళ్లిలో వియ్యాలవారి ముందు కుంటుతూ నటించి చూపించాను. అందరూ పడీపడీ నవ్వారు. వాడు నవ్వలేదు.

బూటు వదిలేసి పరిగెత్తింది నేను. భుజం పట్టుకుని నన్ను పక్కకు లాగింది వాడు. ఆ మాట వాడు అక్కడ ఒక్కరికీ చెప్పలేదు. సగం తిన్న విస్తరి ముందునుంచి లేచి చెయ్యి కడుక్కున్నాడు. మళ్లీ మా గుమ్మం తొక్కలేదు.

"పారిపోయింది నేనేరా" అన్న ఒక్క ముక్క వాడి చెవిన వెయ్యాలి. ఆ పని మీదే బయల్దేరాను.

కుమ్హారి చేరేసరికి స్టీరింగు ముందు పసుపు రంగు ఇంజన్ దీపం వెలిగింది. బండి రెండుసార్లు కుదిపింది. రోడ్డు పక్కన షెడ్డు కనబడితే ఆపాను. మెకానిక్ నడివయసు మనిషి. స్టీరింగు కింద స్కానరు గుచ్చి, తన ఫోనులో ఒక గీత చూపించాడు. ఇంజన్ వదిలే పొగలో ఆక్సిజన్ ఎంత మిగిలిందో కనిపెట్టి, పెట్రోలు ఎక్కువైందో తక్కువైందో చెప్పే బుడిపె ఆ సెన్సరు. అది బాగుంటే గీత పైకీ కిందకీ ఆడుతూ ఉండాలి.

"మీది పడుకుండిపోయింది కాకా. ముందు సెన్సరు ఖతం" అన్నాడతను.

కొత్తది అతని దగ్గర లేదు. భిలాయి నుంచి తెప్పించాలి. వచ్చేదాకా ఖాళీగా కూర్చోవడం ఎందుకని, పాతదాన్ని నేనే తీస్తానని బండి కింద దూరాను. వేడికి మరలు గొట్టంతో కలిసిపోయాయి. నూనె కొట్టి, కాసేపు ఆగి, పానా పెట్టి తిప్పితే పానా జారి వేళ్లు చెక్కుకుపోయాయి. మళ్లీ నూనె, మళ్లీ పానా. మూడు గంటలు.

సెన్సరు పోయి ఆగామని మా ఆవిడ అప్పటికే తమ్ముడి కొడుక్కి ఫోన్లో చెప్పింది. మూడో గంటలో వాడే ఫోన్ చేశాడు. ఆవిడ స్పీకరు పెట్టి బండి కిందకి చెయ్యి చాచింది. పక్కన గాలి కొట్టే మిషను దడదడలాడుతోంది.

"పెదనాన్నా, ఆక్సిజన్ తీసీసారు..."

సరిగ్గా అప్పుడే పాత సెన్సరు ఊడి నా చేతిలో పడింది. మా మాటలో "తీసీసారు" అంటే వాళ్లు తీసేశారనీ అవుతుంది, మీరు తీసేశారనీ అవుతుంది. చివర కొంచెం సాగితే అది ప్రశ్న. ఇక్కడే పుట్టి హిందీలో పెరిగినవాడు, వాడి తెలుగులో చివర్లు ఎప్పుడూ సరిగ్గా వినబడవు. అడుగుతున్నాడనుకున్నాను.

"ఆఁ, తీసీసేన్రా! అదింక పనికిరాదు. అవతల పారీడమే!" అని కింద నుంచి గట్టిగా అరిచాను.

"పాపాకి, పెదనాన్నా... పాపాకి తీసీసారు" అన్నాడు. వాళ్ల నాన్నని వాడు అలాగే పిలుస్తాడు.

మా ఆవిడ ఫోను చెవికి ఆనించుకుని బయటికి నడిచింది. బండి కింద నుంచి నాకు ఆవిడ చెప్పులు మాత్రమే కనబడుతున్నాయి. నాలుగడుగులు వేసి ఆగిపోయాయి.

కొత్త సెన్సరు బిగించింది మెకానిక్. మేం వెళ్లేసరికి తమ్ముడి ముఖం మీద గుడ్డ కప్పేశారు. ఆ గుడ్డ మీదనుంచే చెవి దగ్గర నోరు పెట్టి చెప్పవలసింది చెప్పాను. వాడి కొడుకు తప్ప ఎవరూ వినలేదు. ఆ కుర్రాడికి అర్థమైందో లేదో తెలియదు.

ఎవరడిగినా నేను చెప్పేది ఒకటే. బండి ఆగిపోయింది, లేకపోతే వాణ్ణి ప్రాణంతో చూసేవాణ్ణి.

ఇంతవరకూ రాసి మా ఆవిడకు చదివి వినిపించాను. చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ విన్నది.

"అయిపోనాదేటి?"

"అయిపోయింది. ఎలగుంది?"

"ఆ మెకానిక్ భయ్యా ఏటన్నాడో రాయలేదేటి?"

"రాసేను కదే, గీత పడుకుండిపోనాదని."

"అది కాదండీ. 'దీపం ఎలిగితే ఎలగనీ కాకా, రాయపూర్ దాకా ఆరామ్‌గా ఎల్పోద్ది, తిరిగొచ్చినప్పుడు మారుద్దాం' అన్నాడు. రెండుసార్లన్నాడు. నాను ఇన్నాను. మరిదికి మొకం ఎలగ సూపించాలో తెలక మీరే ఆ కింద దూరీసారు. బండి ఆగిపోలేదు. మీరే ఆపీసారు."