కంచె మీది తంగేడు

మా ఉద్దానంలో జీడితోట అంటే చెట్టు కింద నేల అద్దంలా ఉండాలి. రాలిన పిక్కలు ఏరుకోవాలి కదా, అందుకని పూత రాకముందే తుప్పలన్నీ నరికేస్తారు. అలా నరికీ నరికీ తేనెటీగలకు తిండి లేకుండా చేశాం. తుపానుకు పాత తోట పోయాక నాటిన మా చెట్లు విరగబూసి, పిందె పట్టకుండా పూతంతా రాలిపోతుంటే నాకు కడుపు మండిపోయింది. కంచె వెంట తంగేడు గింజలు చల్లాను. నీళ్లు పోయకపోయినా ఇసుకలో బతికే మొక్క, మేకలు కూడా ముట్టవు. తుప్పలు పెంచుతోందని ఊరంతా నవ్వింది. ఈ ఏడు కంచె పొడవునా పసుపు పూలు, వాటి నిండా తేనెటీగలు.

శనివారం సాయంత్రం పక్క తోట బావ, మా ఆయన పెదనాన్న కొడుకు, మర్నాడు పొద్దున్నే మందు కొట్టిస్తానన్నాడు. బావ చెట్లు ఇంకా చిగురు మీదే ఉన్నాయి, వాటి మీద ఈగలు లేవు. ఉన్నవన్నీ మా కంచె మీదే. గాలేమో ఆయన తోట మీంచి మా వైపుకే.

"సాయంత్రం కొట్టించకూడదేటి బావా?"

"మిషనోళ్లు రేపు పొద్దున్నే వత్తారు. మళ్లీ ఎప్పుడొత్తారో తెల్దు. రసం పీల్సే దోమ పడితే సిగురంతా మాడిపోద్ది. నీ ఈగల కోసం నా తోట మాడ్సుకోమంటావేటి?"

ఆయన చెప్పింది నిజమే. అందుకే నాకు ఇంకా కోపం వచ్చింది.

తెల్లవారకముందే మా ఆయన్ని లేపి కంచె దగ్గరికి తీసుకెళ్లాను. పువ్వు లేకపోతే ఈగ రాదు. ఒక్కటి మిగలకుండా కోశాం.

"ఇలా కోసెయ్యడానికేటి ఇన్నాళ్లూ పెంచావు?" అన్నాడాయన. నేను ఇంకో కొమ్మ వంచాను.

ఆదివారం కదా, ఆ పూలు గోనెలకెత్తి చర్చికి పట్టుకెళ్లాం. ముందు బల్ల నిండా పసుపు పూలు చూసి ఆడవాళ్లు, "ఈయేళ ఎవరి పెళ్లేటి?" అన్నారు. ప్రసంగం ఒక్క ముక్క నా చెవికెక్కలేదు. నా ప్రాణమంతా కంచె దగ్గరే ఉంది.

తిరిగొచ్చేసరికి మందు కొట్టేసి వెళ్లారు. కంచె కింద ఇసుకంతా వెతికాను. చచ్చిన ఈగ ఒక్కటీ కనబడలేదు. బతికినదీ లేదు. కొన్నాళ్లకు మందు వాసన పోయింది, తంగేడు మళ్లీ విచ్చింది, రెండు తోటల్లో జీడీ పూసింది. ఈగలు మాత్రం రాలేదు. నేనే తరిమేశానేమోనని భయంతో తిండి సయించలేదు.

ఒక పొద్దున బావ కంచె దగ్గర నిలబడి, "ఇటు సూడమ్మా" అని పిలిచాడు. ఆయన జీడిపూత నిండా ఈగలు. తంగేడు పెంచింది నేను, అవి ముందు వాలింది ఆయన చెట్ల మీద. ఒళ్లు మండింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి.

"మళ్లీ మందెప్పుడు కొట్టిత్తావు బావా?" అన్నాను.

ఆయన పూత వంక చూశాడు.

"సాయంత్రం ఇవి ఎన్నింటికి గూటికెల్లిపోతాయి?" అని అడిగాడు.