సీసాలో కలిపిన ఆముదం

అరచేతిలో ఇమిడే గాజుసీసా ఒకటి యుద్ధం రోజుల నుంచి నా గుండె మీద కూర్చుని ఉంది. ఆ సీసా ఇప్పుడు ఎక్కడుందో నాకు తెలియదు. అందులో నేనేం కలిపానో మాత్రం తెలుసు. ఆ సంగతి నాకు తప్ప ఇంకెవరికీ తెలియదు. తెలియదనే అనుకుంటున్నాను. ఒక్క మనిషికి తెలిసి ఉండవచ్చునన్న అనుమానం నన్ను వదలదు.

మావారికి చెప్పలేదు. మా అమ్మకు చెప్పలేదు. మీరెవరో నేనెరగను, నేనెవరో మీకు తెలియనివ్వను. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. పిల్లలిద్దరూ పడుకున్నారు. చంటివాడి ఊపిరి విని వచ్చి మళ్ళీ కలం పట్టుకున్నాను.

బెజవాడలో మా మామగారిది బట్టల వ్యాపారం. మంగళగిరి మగ్గాల మీద నేసిన చీరలు తెచ్చి అమ్మేవారు. ఇంటి ముందువైపు గది ఒకటి అద్దెకిచ్చారు. నేను కాపురానికి వచ్చేసరికి ఆ గదిలో కాంతమ్మగారు ఉండేవారు. రంగూను మీద బాంబులు పడకముందే ఓడెక్కి వచ్చేసిన మనిషి. భర్త ఉద్యోగం చూసుకుని వెనకాల వస్తానన్నాడు. రాలేదు. ఉత్తరాలు కూడా ఆగిపోయాయి. ఉన్నాడో లేడో చెప్పేవాళ్ళు లేరు. ఆమె మాత్రం రోజూ స్నానం చేసి నిండుగా బొట్టు పెట్టుకునేది. వీధిలో ఆడవాళ్ళు ఆ బొట్టు వైపు ఒక్క క్షణం ఎక్కువ చూసేవారు.

ఆమె చేతిలో రంగూనులో నేర్చిన విద్య ఒకటుండేది. సెల్యులాయిడ్ బొమ్మలు అతికించడం. జపాను నుంచి వచ్చే ఆ బొమ్మలు, దువ్వెనలు, గాజులు యుద్ధంతో రావడం ఆగిపోయాయి. ఉన్నవి విరిగితే అతికించుకోవాల్సిందే. మామూలు జిగురులేవీ వాటికి పనికిరావు. తుమ్మబంక రాస్తే ఆరాక పెచ్చులాగా ఊడివస్తుంది. వడ్రంగులు కాచే వజ్రం బంక పగిలిపోతుంది. కొండపల్లి వాళ్ళు వాడే చింతగింజల ముద్ద కర్రను పట్టుకుంటుందిగాని ఈ నున్నటి వస్తువును పట్టుకోదు. కాంతమ్మగారు ఒక ద్రావకంలో విరిగిన దువ్వెన ముక్కలు వేసి, కరిగి తేనెలా అయ్యేదాకా ఉంచేది. దాన్ని సూదిమొనతో అంచులకు రాసి, రెండు ముక్కలూ కలిపి, మాట్లాడకుండా పట్టుకునేది. తక్కువ రాస్తే నిలవదు. ఎక్కువ రాస్తే బొమ్మ ముక్కే కరిగిపోతుంది.

"రెండు వైపులా కాస్త కరగాలండీ కోడలుగారూ. ఒకవైపే కరిగితే అది అతుకు కాదు, కాపురం," అని నవ్వేది. ఆమె నోటికి అడ్డు లేదు. మా అత్తగారిని కూడా నవ్వించేది. నన్ను నవ్వించలేకపోయేది. నేను కాలేజీలో రసాయనశాస్త్రం చదివినదాన్ని. ఆ సీసా మూత తీసినప్పుడల్లా గదినిండా మిగలముగ్గిన అరటిపండు వాసన వచ్చేది. ఆ ద్రావకం పేరు ఎమైల్ ఎసిటేట్ అని నాకు తెలుసు. ఎక్కువ పీలిస్తే తల తిరుగుతుందనీ తెలుసు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. నా తొలిచూలు బిడ్డ నిద్రలో పోయాడు. ఎందుకు పోయాడో డాక్టరు కూడా చెప్పలేదు. రెండోది శాంత. అప్పటికి దానికి ఇంకా మాటలు సరిగా రాలేదు. నా దగ్గర మధ్యాహ్నం పడుకోమంటే పెనుగులాడేది. కాంతమ్మగారి దగ్గరికి వెళ్తే చాలు, ఆమె చాప మీద, ఆ బొమ్మల చేతులూ కాళ్ళ మధ్య, క్షణంలో నిద్రపోయేది. లేపినా తొందరగా లేచేది కాదు. దాని జుట్టులో అరటిపండు వాసన.

నాకు అనుమానం పుట్టింది. పుట్టిందంటే ఒకనాడు పుట్టి ఊరుకుందని కాదు. పాలు కాస్తుంటే వాటివెంట అదీ పొంగేది. బిడ్డలు లేని మనిషి. మొగుడి జాడ లేని మనిషి. నా బిడ్డను అంతగా దగ్గరికి తీయడం ఎందుకు? ఆ సీసా దాని ముక్కు దగ్గర పెడుతోందా? పని చెడకుండా పడుకోబెడుతోందా, లేక దాన్ని నా నుంచి తన వైపు తిప్పుకుంటోందా? తలుపు చాటున నిలబడి చూశాను. ఏమీ కనబడలేదు. కనబడకపోవడం వల్ల అనుమానం తగ్గలేదు. నేను వస్తున్నానని తెలిసి దాచిందనుకున్నాను.

ఆ దసరాకు గవర్నరుపేటలో కాపురమున్న ఒక పెద్ద ఇంటివారు బొమ్మలకొలువు కోసం ఆమెకు పని ఒప్పజెప్పారు. చల్లపల్లి వైపు భూములున్నవాళ్ళు. వాళ్ళ అమ్మాయికి పెళ్ళి కుదిరింది. అందుకని వేలెడేసి బొమ్మలతో పెళ్ళి ఊరేగింపు మొత్తం కావాలన్నారు. సన్నాయివాళ్ళు, దివిటీలవాళ్ళు, పల్లకీ, అందులో పెళ్ళికూతురు, గుర్రం మీద పెళ్ళికొడుకు. పాత బొమ్మల తలలు, చేతులు కోసి, తిప్పి, కొత్త భంగిమల్లో అతికించాలి. అది బాగా కుదిరితే ఊళ్ళో పెద్ద ఇళ్ళన్నీ తన దగ్గరికి వస్తాయని ఆమె ఆశ. మా అత్తగారు కూడా సంబరపడ్డారు. అద్దె కోసం ఇక మొహం చూడనక్కర్లేదని.

అంటే ఆమె ఇక ఎప్పటికీ ఇక్కడే ఉంటుంది. నాకు తోచింది అదొక్కటే.

ఒక మధ్యాహ్నం శాంతను నేనే ఆమెకు అందించాను. కాలవ మీద పడవలు వెళ్తున్నాయి, దీనికి చూపించి తీసుకురండి అని అడిగాను. ఆమె సంతోషంగా ఎత్తుకుని వెళ్ళింది. నేను ఆమె గదిలోకి వెళ్ళాను. సీసా కిందెక్కడో, పిల్ల చేతికందేచోట ఉంటుందనుకున్నాను. కిటికీ పైగూట్లో ఉంది. ముక్కాలిపీట వేసుకుంటేగాని నాకే అందలేదు. అది చూసైనా నేను దిగిపోవలసింది. దిగలేదు. కొంగు చాటున గిన్నెలో తెచ్చుకున్న ఆముదం అందులో పోసి కలిపాను. ఆముదం అందులో ఇట్టే కలిసిపోతుంది. వాసన మారదు, రంగు పెద్దగా మారదు. కాని అతుకు లోపల మెత్తగానే ఉండిపోతుంది. పైకి ఆరినట్టుంటుంది, కాస్త వేడి తగిలితే జారుతుంది. ఇది నాకు కాలేజీలో చెప్పిన విషయం. చదువు నాకు ఉపయోగపడిన సందర్భాలు తక్కువ. అది ఒకటి.

పారబోసి ఉంటే ఆమె ఇంకో సీసా తెచ్చుకునేది. నా బిడ్డకు ప్రమాదమని అత్తగారితో చెప్పి ఉంటే, రుజువు అడిగేవారు. అందుకే ఇలా చేశాను. అని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. కాని ఒక ప్రశ్న ఉంది, దాన్ని దాటలేకపోతున్నాను. ఆమె నా బిడ్డకు మత్తు పెడుతోందని నిజంగా నమ్మినదాన్నయితే, నా పని కావడం కోసం ఆ బిడ్డనే ఆమె చేతికి ఎలా ఇచ్చాను?

పేరంటానికి మా ఇంటి ఆడవాళ్ళందరం వెళ్ళాం. ఊరేగింపు నడిమి మెట్టు మీద పెట్టారు. చాలా అందంగా ఉంది. అది కూడా చెప్పాలి. పెళ్ళికొడుకు తలపాగాకు మా కొట్లో మిగిలిన జరీపోగు చుట్టింది ఆమె. అందరూ మెచ్చుకుంటుంటే కాంతమ్మగారు గోడవారగా కూర్చుని, ఏమీ పట్టనట్టు తమలపాకు ఈనెలు తీస్తోంది. దీపాలు బొమ్మలకు దగ్గరగా వెలుగుతున్నాయి. పాటలు మొదలయ్యాయి. ఒక పాట మధ్యలో పెళ్ళికొడుకు తల మెల్లగా ఒరిగింది. తర్వాత ఊడి, మెట్టు మీంచి దొర్లి, పెళ్ళి కుదిరిన అమ్మాయి ఒళ్ళో పడింది.

పాట ఆగిపోయింది. వెనకనుంచి ఒక ముసలావిడ, మొగుడున్నాడో లేడో తెలియని దాని చేత పెళ్ళికొడుకును చేయించారా అంది. అంతే. ఆ ఇంటావిడ పళ్ళెంలో పసుపు కుంకుమ పట్టుకుని అందరికీ పంచుతూ వచ్చి, కాంతమ్మగారిని దాటి నాకు ఇచ్చింది. నేను పుచ్చుకున్నాను.

మర్నాడు ఆమె మా వంటింటి గుమ్మంలోకి వచ్చింది. అత్తగారు గుడికి వెళ్ళారు. చేతిలో ఆ తల ఉంది. మెడ దగ్గర గోటితో గీకి వాసన చూసింది.

"ఒక్కమాటండీ కోడలుగారూ. ఇందులో ఆముదం కలిస్తే గట్టిపడదా?"

"నాకేం తెలుసండీ."

"చదువుకున్నారు కదాని అడిగాను. వేలికి ఆముదం తగులుతోంది. నా గదిలో ఆముదం చుక్క లేదు."

నోటికి ఎలా వచ్చిందో తెలియదు. "శాంత తలకి రోజూ ఆముదమే కదండీ రాస్తాను. మీరు దాని తల నిమిరి, ఆ చేత్తోనే పని చేసి ఉంటారు. లేకపోతే అదే సీసాలో చెయ్యి పెట్టిందేమో."

ఆమె నా వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. ఏముందో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

"అయ్యుంటుందండీ," అంది చివరికి. "పిల్ల పేరు మాత్రం ఎక్కడా ఎత్తకండి. ఆ ఇంటివాళ్ళ చెవిని పడితే అపశకునం పిల్ల అంటారు. రేపు పెద్దయ్యాక పెళ్ళి కావలసిన ఆడపిల్ల. నా చేతే తడబడిందని చెబుతాను."

చెప్పింది కూడా. అందరితోనూ అదే చెప్పింది. దాంతో ఆమె దగ్గరికి పని రావడం ఆగిపోయింది. అతికించడం రాదని కాదు, ఆ చెయ్యి మంచిది కాదని. అంతకుముందు బొట్టు వైపు చూసి ఊరుకున్నవాళ్ళు, ఇప్పుడు ఆ బొట్టు ఎందుకని పైకే అనడం మొదలుపెట్టారు. కార్తీకంలో మా అత్తగారు గది ఖాళీ చేయమన్నారు. మంచిగానే అడిగారు, బంధువులొస్తున్నారని. మైలవరంలో ఎవరో దూరపు చుట్టం ఉందని ఆమె సామాను కట్టుకుంది. బండెక్కేటప్పుడు మొహాన బొట్టు ఎప్పటికంటే పెద్దగా పెట్టుకుని ఉంది. వీధిలో వాళ్ళందరూ చూశారు. చూడాలనే పెట్టుకుందనుకుంటాను.

శాంత కొన్నాళ్ళు మధ్యాహ్నాలు ఆ గది తలుపు కొట్టేది. నా దగ్గర నిద్రపోయేది కాదు. ఒకరోజు అత్తగారు విసుక్కున్నారు. "కన్ను మూసిందో లేదో ముక్కు దగ్గర చెయ్యి పెడతావు, భుజం కదుపుతావు. అదెలా పడుకుంటుందే? ఆవిడ దాని మానాన దాన్ని వదిలేసేది." ఇంతకాలం నేను కాపలా కాసింది ఎవరి నుంచి?

కాని మీతో అబద్ధం చెప్పను. నా అనుమానం అక్కడితో చావలేదు. ఆమె నన్ను కనిపెట్టే ఊరుకుందేమో. నన్ను ఎప్పటికీ ఇలా ఉంచడానికే నోరు మూసుకుందేమో. పిల్ల కోసం కాదేమో. ఇలా అనుకుంటే కొంత తేలికగా ఉంటుంది, కాసేపు ఆమెదీ తప్పే అవుతుంది. మళ్ళీ ఆ మాటే గుర్తొస్తుంది, పిల్ల పేరు ఎత్తకండి అన్నది. నేను కన్న తల్లిని, నా తప్పు తప్పించుకోవడానికి పిల్ల పేరు ఎత్తాను. ఏమీ కాని మనిషి దాన్ని కప్పింది.

యుద్ధం అయిపోయింది. స్వరాజ్యం వచ్చింది. రంగూను నుంచి కొందరు తిరిగి వచ్చారని విన్నాను. ఆమె భర్త వచ్చాడా? వచ్చి ఉండాలని ఎంతగా కోరుకుంటానో, అది ఆమె కోసమా నా కోసమా అని అంతగానూ అనుమానిస్తాను. మైలవరం ఎంత దూరం? పొద్దున వెళ్ళి సాయంత్రానికి రావచ్చు. ఎందుకని మావారు అడుగుతారు. ఆ ఒక్క ప్రశ్నకు భయపడి ఇన్నేళ్ళు వెళ్ళలేదు. మొన్న కొత్తగా కుదిరిన పనిమనిషి చంటివాడిని ఎత్తుకుంటే, వాడిని దించాక, ఆమె చూడకుండా వాడి జుట్టు వాసన చూశాను. అప్పుడు నా మీద నాకే భయం వేసింది. అందుకే ఇది రాస్తున్నాను.

దీన్ని చదివి మీరు నన్ను క్షమించనక్కర్లేదు. క్షమించవలసింది మీరు కాదు. క్షమించమని అడగడానికి నేనింకా ఆమె గుమ్మం తొక్కలేదు, తొక్కుతానని మాట ఇవ్వగల ధైర్యమూ లేదు. ఒక్కటి మాత్రం ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి, ఆమె చెయ్యి మంచిది కాదని ఈ ఊరు అనుకుంటోంది కనుక. ఆ పేరంటంలో పెళ్ళికొడుకు తల ఊడిపడటం శకునం కాదు. కాంతమ్మగారి చెయ్యి కాదు. శాంత కాదు. అది నేను. సీసా దించి, మూత తీసి, ఆముదం పోసి, కలిపి, మళ్ళీ మూత పెట్టి ఉన్నచోటే ఉంచింది నేను.

రాశాను. ఊపిరి కాస్త లోపలిదాకా వెళ్తోంది.