ఎవరూ నడవని బాట

ఆర్లిస్ హోఫ్లాండ్ చేతిలో కత్తి ఉంటే ఫెజెంట్ అనే వేటకోడి పుంజు నిమిషంలో మాంసమైపోయేది. ఈకలతో సహా తోలు ఒక పక్కకి, రెక్కలు ఇంకో పక్కకి, రొమ్ము కండ మంచునీళ్ళ తొట్టిలోకి. పెట్టల్ని కొట్టకూడదు కాబట్టి, వేట అధికారి అడిగితే పుంజేనని చూపించడానికి ఒక కాలు మాత్రం ఉంచేది. ముప్పై ఏళ్ళు మా ఊరి బడిలో వంట చేసి రిటైరయ్యాక, ఏటా వేట రోజుల్లో బ్రెంట్ స్టాడెల్ నడిపే వేట లాడ్జి వెనక రేకుల షెడ్డులో పక్షులు శుభ్రం చేసే పనికి కుదిరింది. మా దక్షిణ డకోటాలో ఆ పని చేసేవాళ్ళకు కొదవలేదు. పక్షి మొహం చూసి దాని జాతకం చెప్పేవాళ్ళను మాత్రం నేను ఇంకొకరిని చూడలేదు.

అందులో పెద్ద విద్యేమీ లేదు. లాడ్జి వాళ్ళు వేలకొద్దీ పుంజుల్ని వలలు కట్టిన దొడ్లలో పెంచుతారు. ఆ ఇరుకులో ఒకదాన్నొకటి పొడుచుకు చావకుండా ముక్కు మీద చిన్న ప్లాస్టిక్ గంతలు బిగిస్తారు. పొలంలో వదిలేముందు గంతలు తీసేస్తారు గానీ ముక్కుకి పడ్డ చిల్లు పోదు. ఆర్లిస్ ముందు ఆ చిల్లు చూసేది. తర్వాత మెడ కిందుండే మేత సంచి కోసేది. దొడ్డి పుంజు సంచిలో బస్తా దాణా, అడవి పుంజు సంచిలో మొక్కజొన్న, సోయా, నాలుగు మిడతలు. ఆ గింజలన్నీ ఐస్‌క్రీం డబ్బాలో పోగేసుకుని ఇంటికెళ్ళి కోళ్ళకు చల్లేది.

లాడ్జికొచ్చే దొరల సంగతి చెప్పాలి. మడత నలగని నారింజరంగు చొక్కాలు, మా ట్రాక్టరు కంటే ఖరీదైన తుపాకులు. పొద్దున వాళ్ళు గుడ్లూ పంది మాంసమూ తింటుండగానే బ్రెంట్ మనుషులు డబ్బాల్లోంచి పుంజుల్ని గడ్డిలో వదిలేసి వస్తారు. ఆ తర్వాత దొరల్ని వ్యాన్లో తీసుకెళ్ళి గడ్డి పక్కనే దింపుతారు. పుట్టినప్పట్నుంచీ మనుషుల చేతి దాణా తిన్న పుంజు మనుషుల్ని చూసి ఎందుకు పారిపోతుంది? ఎగరమంటే ఎగరదు. వెంట ఉన్నవాడు బూటు కాలితో దాన్ని ఎగదోస్తే అప్పుడు ఢాం. సాయంత్రం ఆ వీరులంతా షెడ్డు ముందు పక్షుల్ని వరసగా పరిచి ఫొటోలు దిగేవాళ్ళు. ఒకాయన తోక పొడుగున్న పుంజుని పట్టుకొచ్చి ఇది అసలైన అడవిదేనా అని ఆర్లిస్‌ని అడిగాడు. ఆమె ముక్కు చిల్లు చూసి, "మీరు పెట్టిన ఖర్చుకి అడవిదే అవుతుంది లెండి" అంది. ఆయన సంతోషంగా వెళ్ళిపోయాడు.

ఆర్లిస్‌కి సెంటు భూమి లేదు. వాళ్ళ నాన్న కూలి మనిషి. ఊళ్ళో అందరి పొలాలూ దున్నాడు, తనకంటూ ఒక చాలు లేదు. అయితే మా దగ్గర మైలుకొకటి చొప్పున పొలాల మధ్య అరవై ఆరడుగుల వెడల్పున జనం కోసం వదిలిన బాటలుంటాయి. మా పాత తరం వాళ్ళు భూములు కొలిచినప్పుడే వదిలారు. కొన్నింటి మీద రోడ్లు పడ్డాయి, కొన్ని గడ్డి పట్టి అలాగే ఉన్నాయి. నా పొలం పక్క బాట గడ్డి బాటే. దాని వెంట మైలున్నర నడిస్తే సర్కారు వాళ్ళ జమ్ము మడుగు వస్తుంది. అక్కడ ఎవరైనా వేటాడుకోవచ్చు, ఎవర్నీ అడగక్కర్లేదు. పక్షుల మేతకని మడుగు గట్టున సర్కారే ఏటా కాస్త జొన్న వేస్తుంది. చుట్టుపక్కల ఇంకెవరమూ జొన్న వెయ్యం, అంతా మొక్కజొన్నే.

ఆమెకు పదేళ్ళప్పుడు నాన్న ఆ బాటన తీసుకెళ్ళాడు. ఇప్పుడు అరవై తొమ్మిది. మధ్యలో ఒక్క ఏడు తప్పలేదు. అక్టోబరు మూడో శనివారం వేట మొదలవగానే కుక్కని వెంటేసుకుని, పాత సింగిల్ బారు తుపాకీ భుజాన పెట్టుకుని నా వంటింటి కిటికీ ముందునుంచే నడిచి పోయేది. ఎప్పుడైనా కొట్టిన పక్షి నా కంచె ఇవతల పడితే తుపాకీ బాట మీదే వదిలేసి, వట్టి చేతులతో లోపలికొచ్చి తీసుకునేది. అంత లెక్కగా ఉండే మనిషి. నా కంచె దాటినందుకు ఏటా మొదటి రోజు సాయంత్రం ఒక పుంజుని శుభ్రం చేసి, కాగితంలో చుట్టి నా గుమ్మం ముందు పెట్టేది. అలా నలభై ఏళ్ళుగా తింటున్నాను. మీగడలో ఉల్లిపాయలేసి వండితే ఆ రుచి వేరు.

పోయిన వేసవిలో బ్రెంట్ ఒక కాగితం పట్టుకుని మా ఇంటికొచ్చాడు. అప్పటికే మడుగు చుట్టూ ఉన్న భూములన్నీ వాడి చేతిలో ఉన్నాయి. నా పొలం కూడా ఆరేళ్ళుగా వాడికే కౌలుకిచ్చాను, వేటకి. ఇక మిగిలింది ఆ బాట. ఇరవై ఏళ్ళుగా దాని మీద ఎవరూ నడవడం లేదు కాబట్టి కౌంటీ బోర్డు దాన్ని రద్దు చెయ్యాలని కాగితంలో రాసుంది. రద్దయితే మడుగు సర్కారుదే, దారి మాత్రం బ్రెంట్‌ది. పక్కనున్న రైతుల సంతకాలు కావాలన్నాడు. నేను వంటింటి బల్ల దగ్గర కూర్చుని, ఎదురుగా కిటికీలోంచి ఆ బాట కనిపిస్తుండగా సంతకం పెట్టాను. పెట్టకపోతే కౌలు పోతుందని వాడు అనలేదు. అనాల్సిన అవసరం రాలేదు, నేను అంతకంటే చవగ్గానే దొరికాను.

సెప్టెంబర్లో విచారణకి ముందురోజు ఆర్లిస్ వచ్చింది. లోపలికి రమ్మంటే రాలేదు. పెద్ద సాయమేమీ అడగలేదు, తను ఏటా ఆ బాటన నడవడం చూశానని బోర్డు ముందు ఒక్క మాట చెప్పమంది. నేను ఇలాంటి గొడవల్లో తలదూర్చనని గొణిగాను. సంతకం సంగతి ఆమెకు అప్పటికే తెలుసు. అందులో మొదటి పేరు నాదే.

"ఆ మడుగు పోతే నాకు వెళ్ళడానికి ఇంకో చోటు లేదు, వెర్లిన్. డబ్బులిచ్చి బ్రెంట్ కోళ్ళని తన్నుకోలేను కదా" అంది.

ఆమె మెట్టు దిగి మా వంటింటి కిటికీ వైపు వేలు చూపించింది.

"కిటికీ నీదే కదా. కాస్త తుడుచుకో" అని వెళ్ళిపోయింది.

మర్నాడు నేను ఆఖరి వరసలో కూర్చున్నాను. నాలాంటి వాళ్ళు ఇంకో పదిమంది దాకా ఉన్నారు. అందరం ఆ మడుగులో ఎప్పుడో ఒకప్పుడు వేటాడినవాళ్ళమే, అందరం గోడ గడియారం వైపే చూస్తున్నాం. బ్రెంట్ పట్నం నుంచి లాయర్ని తెచ్చుకున్నాడు. ఆయన బాట మీద పెరిగిన గడ్డి ఫొటోలు చూపించి, ఇది ఎవరూ నడవని బాట అని పావుగంట సేపు మెత్తగా చెప్పాడు. బోర్డు అధ్యక్షురాలు మావిస్ రూడెబుష్ చిన్నప్పుడు ఆర్లిస్ వడ్డించిన బడి భోజనం తిన్న పిల్లే. ఎవరైనా మాట్లాడతారా అని మర్యాదగా అడిగింది.

ఆర్లిస్ గోనెసంచిలోంచి మూడు జొన్న కంకులు తీసి బల్ల మీద పెట్టింది. మొక్కల్ని వేళ్ళ మట్టితో సహా పీక్కొచ్చింది. ఇవి తన కోళ్ళ దొడ్డి వెనక మొలిచాయని చెప్పింది. పోయినేడు లాడ్జి పక్షుల మేత సంచుల్లోంచి తెచ్చి చల్లిన గింజలే ఇవని, ఆ సంచుల్లో జొన్నలున్న పక్షుల ముక్కుకి చిల్లు లేదని, జొన్న పండేది మడుగు గట్టున మాత్రమేనని వరసగా చెప్పింది. చెప్పి కూర్చుంది.

దొడ్డి పుంజులు అయిపోయిన రోజున బ్రెంట్ వ్యాను ఆ బాటన పోవడం నేనూ చూశాను. డబ్బులు తీసుకుని జనాన్ని సర్కారు భూమిలో వేటకి దింపితే లైసెన్సు పోతుంది. ఆ మాట గదిలో ఎవరికీ విడమర్చి చెప్పక్కర్లేదు.

"ఏమయ్యా బ్రెంట్, మీ అతిథుల్ని మడుగు దగ్గరికి తీసుకెళ్తున్నారా?" అని అడిగింది మావిస్.

లాయరు నోరు తెరిచేలోపే బ్రెంట్ లేచాడు. మొహం ఎర్రబడింది.

"మావాళ్ళు ఒక్కడు కూడా అక్కడ కాలు పెట్టలేదండీ. ఆ జొన్నలు ఈవిడ సొంతంగా కొట్టిన పక్షులవే. ఏటా పోతుందిగా ఆ బాటన! ఊళ్ళో ఎవర్నడిగినా చెబుతారు."

లాయరు కళ్ళద్దాలు తీసి తుడవడం మొదలుపెట్టాడు.

"ఏటానా?" అంది మావిస్.

ఆర్లిస్ కూర్చున్నచోటి నుంచే అంది: "ఆయనవే అనుకోండి, నావే అనుకోండి. ఎవరు కొట్టినా ఆ బాటనే పోవాలి కదా."

ఐదుగురిలో నలుగురు బాట ఉంచాలని చేతులెత్తారు. ఎత్తని ఆయన బ్రెంట్ బావమరిది. బయట వరండాలో లాయరు పళ్ళు కొరుకుతూ, పక్షికి రెక్కలున్నాయి, అక్కడ తిని ఇక్కడికి ఎగిరొచ్చింది అంటే సరిపోయేది కదయ్యా అని బ్రెంట్‌ని దులిపేస్తున్నాడు. నిజమే, సరిపోయేది. కాని వాడి పుంజులు ఎప్పుడు ఎగిరాయి గనక వాడికా సంగతి గుర్తుంటుంది?

మమ్మల్ని గురించి కూడా చెప్పి తీరాలి. చేతులెత్తడం అయిపోగానే వెనక వరస వాళ్ళందరికీ ఒక్కసారిగా నోళ్ళొచ్చాయి. మెట్ల మీద ఆర్లిస్‌ని చుట్టుముట్టి ఆ మడుగు మనందరిదీ అని, తాతల నాటిదని ఒకడి మీద ఒకడు పడి మాట్లాడారు. ఆమె వాళ్ళందరికీ తల ఊపి, జొన్న కంకులు సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయింది. నేను స్తంభం చాటున నిలబడ్డాను. సిగ్గేసింది. సిగ్గు వల్ల ఎవరికీ దమ్మిడీ ఉపయోగం లేదని కూడా ఆ రోజే తెలిసింది.

ఆ వారమే ఆమె లాడ్జి పని పోయింది. కత్తి తెచ్చుకోవడానికి వెళ్తే బ్రెంట్ ఎదురుపడలేదట. ఇప్పుడక్కడ పక్షులు కోయడానికి ఇద్దరు కుర్రాళ్ళున్నారు. ఒక్కో దానికి పది నిమిషాలు పడుతోందని, కండలో ఈకలు వస్తున్నాయని అతిథులు సణుగుతున్నారని విన్నాను. వినడానికి చెవులకు హాయిగానే ఉంది.

అక్టోబరు మూడో శనివారం పొద్దున నేను కాఫీ కప్పుతో కిటికీ దగ్గర నిలబడ్డాను. ఆర్లిస్ కుక్కతో వచ్చింది. మా ఇంటి వైపు తల తిప్పలేదు. మంచు పట్టిన గడ్డిలో ఆమె వెనక బాట పొడవునా నల్లటి చార పడింది. మధ్యాహ్నం దాకా మడుగు వైపు నుంచి రెండుసార్లే తుపాకీ మోగింది. లాడ్జి వైపు నుంచి మాత్రం పేలాలు వేయించినట్టు మోగుతూనే ఉంది.

ఈ ఏడు గుమ్మం ముందు ఏమీ ఉండదనుకున్నాను. సాయంత్రం నాలుగింటికి తలుపు తీస్తే పుంజు ఉంది. కాగితం లేదు. శుభ్రం చెయ్యలేదు. మెడకి తెల్లపట్టీ, రాగిరంగు రొమ్ము, మూరెడు తోక, అన్నీ ఉన్నాయి. నలభై ఏళ్ళలో మొదటిసారి ఆ పక్షిని నేనే కోసుకోవాల్సి వచ్చింది.

ముక్కు చూశాను. చిల్లు లేదు. వంటింటి బల్ల మీద, ఆ కాగితం మీద సంతకం పెట్టినచోటే పెట్టి, చేతకాని కోతలతో మేత సంచి చీల్చాను. గుప్పెడు జొన్నలు బల్ల మీద జలజల రాలాయి. చేతులు కడుక్కుని తలెత్తితే కిటికీలోంచి బాట కనిపించింది. అద్దం శుభ్రంగానే ఉంది. అది ఏనాడూ మురికిగా లేదు.