గొలుసు మీద తడి గోనె

ఈ రోజు చంద్రగిరి దగ్గర వంక దాటుతూ బొగ్గు గ్యాసుతో నడిచే మా బస్సు ఇసుకలో కూరుకుపోయింది. లాగడానికి వచ్చిన లారీ డ్రైవరు మస్తాన్ మమ్మల్ని దూరంగా నిలబెట్టి, గొలుసు తగిలించి, దాని నడుమ తడిపిన గోనెసంచి వేశాడు. అదేదో మొక్కు అనుకుని, కొండకు పోతున్న ఒక అవ్వ దానికి కుంకుమ పెట్టింది. గోనె ఎందుకని నేను మస్తాన్‌ను అడిగాను.

"గొలుసు తెగితే పాము మాదిరి లేసి కొడతాదప్పా. ఈ బరువుంటే ఆడనే పడతాది."

లారీ లాగగానే, అన్నట్టే గొలుసు తెగింది. మా డ్రైవరు ముందున్న అద్దం దాకా రాకుండా దబ్బున ఇసుకలో పడింది. అందరూ గోవిందా అన్నారు. మిగిలిన గొలుసు మళ్లీ తగిలించేసరికి, తలా ఒక తువ్వాలు తడిపి దాని మీద వేశారు.

మస్తాన్ నవ్వాడు. "ఎయ్యనీలేప్పా, బరువే కదా కావాల్సింది!"

బస్సు బయటపడింది. గొలుసు మీది తువ్వాళ్లలో నాదీ ఉంది. కారణం తెలిసి వేశానా, భయపడి వేశానా? మీరైతే ఎందుకు వేసేవారు?